అంకె నుంచి పేరుకు: 'కల్కి 2898 ఏడీ'లో సుమతి పాత్ర

యువపాఠకుల డిస్టోపియా కథల్లో తత్త్వప్రశ్న సిద్ధాంతరూపంలో రాదు; ఇంటి వ్యవహారంగా వస్తుంది. లోయిస్ లోరీ నవల 'ది గివర్' (1993)లో శిశువుకు ఏడాది నిండేదాకా పేరుండదు, సంఖ్యే ఉంటుంది. బిడ్డలను కనడం కొందరు స్త్రీలకు కేటాయించిన ఉద్యోగం. మూడు కాన్పుల తరువాత వారిని కూలిపనికి పంపుతారు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదన్న కాంట్ సూత్రం పన్నెండేళ్ల జోనస్‌కు తెలియదు. సరిగా ఎదగని ముప్పై ఆరో శిశువును తండ్రి గడువుకు ముందే, చాటుగా, 'గేబ్రియల్' అని పిలవడం మాత్రం అతడు వింటాడు.

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ' ఈ ప్రశ్ననే తెలుగు ప్రేక్షకుల ముందుంచింది. కాశీ ఎండిపోయింది, నీరూ పచ్చదనమూ కాంప్లెక్స్ లోపలే ఉన్నాయి. అక్కడి ప్రయోగశాలలో యాస్కిన్ కోసం గర్భిణుల నుంచి సీరం తీస్తారు. వారిలో ఒకరి గుర్తు 'ఎస్‌యూఎం-80'. ఆ గుర్తే తరువాత 'సుమతి' అవుతుంది. బడిలో శతకపద్యాలు వల్లెవేసినవారికి ఇది చిరపరిచితమైన సంబోధన. నీతిని వినే వ్యక్తి పేరది. (ఆ శతకంలో స్త్రీలను గూర్చిన కొన్ని పద్యాలను తలచుకుంటే ఈ పోలిక కొంత ఇబ్బందికరమే.)

అయితే, పేరు రావడంతో సాధనత్వం పోయిందా? కల్కిపురాణంలో కల్కి తల్లి సుమతి, జన్మస్థలం శంబల. చిత్రంలో ఆమె చేరేదీ శంబలకే. కనుక ఆ పేరు ఆమె కోసం పుట్టినది కాదు, ఆమె కంటే ముందే సిద్ధమై ఉన్న పాత్రది. కాంప్లెక్స్‌కు కావలసింది ఆమె గర్భమే, శంబలకూ అదే; ఒకరు పీల్చుకుంటారు, మరొకరు పూజిస్తారు. ఉత్తర గర్భస్థ శిశువుపై అస్త్రం వేసిన అశ్వత్థామ కాపలా కూడా తన ప్రాయశ్చిత్తం కోసమే. భైరవకైతే ఆమె కాంప్లెక్స్ ప్రవేశానికి వెల. ఈ ముగ్గురిలో మొహమాటం లేనివాడు అతడే.

గేబ్రియల్ విషయం వేరు. అతని గురించి ఏ జోస్యమూ లేదు. లోకానికి అతనితో పని లేదు కాబట్టే చంపడానికి నిర్ణయిస్తారు. జోనస్ అతణ్ణి ఎత్తుకుని వెళ్లడానికి ఆ బిడ్డ ఉండడం తప్ప మరో కారణం లేదు. కాంట్ సూత్రం ఇక్కడే పూర్తిగా నెరవేరుతుంది.

సుమతికి ఆ స్థాయి అసలే దక్కలేదనడం అన్యాయమవుతుంది. ప్రయోగశాల నుంచి బయటపడే ఘట్టంలో మంటల మధ్య నుంచి నడిచి రావడం ఆమె స్వీయనిర్ణయం. ఆ కొద్ది క్షణాలు ఆమె ఎవరి తల్లీ కాదు. ఆ వెంటనే కథ ఆమెను మళ్లీ మోసుకుపోవలసిన భారంగా మారుస్తుంది. ప్రసవం తరువాత ఆమెకు మిగిలే పని ఏమిటో తొలిభాగం చెప్పదు.