సారె మీద సగం, చెక్క కింద సగం

కుమ్మరం అనగానే అందరికీ గుర్తొచ్చేది సారె. గిరగిరా తిరిగే చక్రం, నడుమ మట్టిముద్ద, తడి వేళ్ల మధ్య లేచే కుండ. ఫొటోలు తీసేవాళ్లూ సినిమావాళ్లూ అక్కడే ఆగిపోతారు. వాళ్లు ఆగిన చోటే అసలు పని మొదలవుతుందని ఎంతమందికి తెలుసు? సారె మీంచి దిగిన కడవకు గోడ మందం, అడుగున బొక్క. దాన్ని కడవ చేసేవి ఆ తర్వాత పడే చెక్క దెబ్బలు.

దారంతో కోసి దించిన కుండను కాస్త ఆరనిస్తారు. ఎక్కువ ఆరితే పగులుతుంది, పచ్చిగా ఉంటే కుంగిపోతుంది. నడిమి పదును ఎండను బట్టి, గాలిని బట్టి ఏ గడియకు వస్తుందో కుమ్మరికే తెలియాలి. అప్పుడు కుండను ఒళ్లోకి తీసుకుని, ఎడమచేత్తో లోపల నున్నటి రాయి ఆనించి, కుడిచేత్తో బయట చెక్కతో తడతాడు. మట్టి అంటుకోకుండా బూడిద చల్లుతాడు. రాయీ చెక్కా ఎప్పుడూ ఎదురెదురుగా కలవాలి. రాయి లేని చోట దెబ్బ పడితే గోడ లోపలికి కూలుతుంది. దెబ్బకొకసారి కుండ ఇసుమంత తిరుగుతుంది, గోడ పలచబడుతుంది, పొట్ట ఉబ్బుతుంది, అడుగు బొక్క అంచులు దగ్గరకొచ్చి చివరికి మూతపడతాయి. చప్పుడూ మారుతుంది. మొదట మెత్తగా తప్ తప్, పోనుపోను గట్టిగా టక్ టక్. గోదావరి వైపు ఒక పెద్దాయన పని చూస్తూ, లోపల ఎంత మందం ఉందో ఎలా తెలుస్తుందని అడిగాను. "కంటికేం కనపడుద్ది బాబూ, లోపల చెయ్యే చూసుకోవాల," అన్నారు. తల కూడా ఎత్తలేదు.

ఆ దెబ్బలకు మట్టి రేణువులు దగ్గరకు ఒత్తుకుంటాయి, అందుకే పలచటి గోడ కూడా గట్టిగా నిలుస్తుంది. కడవ తేలికవుతుంది, నిండుగా నీళ్లు పోసి చంకనెత్తుకునే ఆడవాళ్ల నడుముకు అదెంత మేలో చెప్పాలా? గుండ్రటి అడుగుకు మూలలుండవు కాబట్టి పొయ్యి మీద వేడి ఒకేచోట లాగి పగలగొట్టదు. కూర్చోబెట్టాలంటే కుదురు కావాలి నిజమే. కానీ ఆ కుదురు వేసుకునే ఓపిక లేక మనం బల్లపరుపు అడుగున్న చట్టీలు కొని, నెల తిరక్కుండా పగిలాయని మట్టిపాత్రలనే తిడుతున్నాం.

మట్టి సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను. చెరువు ఒండ్రు తెచ్చి, నానబెట్టి, ఇసుకో బూడిదో ఊకో కలిపి కాళ్లతో తొక్కుతారు. నీడన ఆరాక ఆవంలో పేర్చి గడ్డి, పిడకలు, చితుకులతో కాలుస్తారు. గాలి ఆడితే మట్టిలోని ఇనుము ఎరుపెక్కుతుంది, పొగ కమ్మితే నల్లబడుతుంది. తెలంగాణలో రాకాసిగుళ్లని పిలిచే ఇనుపయుగపు సమాధుల్లో ఈ రెండు రంగులూ ఒకే కుండ మీద కనిపిస్తాయి. శాలివాహనుడు కుమ్మరింట పెరిగి మట్టిబొమ్మ సైనికులకు ప్రాణం పోశాడని పెద్దలు చెప్తారు. రామాయణం రాసిన మొల్ల ఈ కులపు ఆడపడుచే అంటారు. ఇంతకంటే గొప్ప వంశావళి ఏ వృత్తికుంది?

చెక్క పని ఎంత ఎత్తుకు పోగలదో చూడాలంటే మాత్రం వైగై ఒడ్డున మానామదురై పోవాలి. తమిళనాడు శివగంగ జిల్లాలోని ఆ ఊళ్లో కచేరీల్లో వాయించే ఘటాలు చేస్తారు. మనం నీళ్లు తాగే కుండకే అన్న ఇది. మద్రాసు ఘటం తేలిక, వేలికి సులువు అని వాయించేవాళ్లు కొందరు దాన్నే మెచ్చుకుంటారు. నా ఓటు మానామదురైకే. బరువుగా, దళసరిగా ఉండే ఆ ఘటం మీద గట్టిగా కొట్టాలి, కొడితే కంచులా మోగుతుంది. అక్కడి మీనాక్షి కేశవన్‌కు సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చిందంటే అది కుమ్మరి చెక్కకు దక్కిన గౌరవం. ఒక్కో ఘటానికి వేల దెబ్బలు పడతాయి. మెడ, పొట్ట, అడుగు అన్నీ సమంగా పలకాలంటే గోడ ఎక్కడా హెచ్చుతగ్గులుండకూడదు. ఇంకో కష్టం చూడండి: వీణకు బిరడలున్నాయి, మృదంగానికి వార్లున్నాయి, కాలిన ఘటానికి బిగించేదేమీ లేదు. ఆరేటప్పుడూ కాలేటప్పుడూ మట్టి కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుంటుందో ముందే లెక్కగట్టి, ఇంకా పలకని పచ్చిమట్టిలోనే శ్రుతిని పెట్టాలి! ఇంత నిబ్బరం నేను ఇంకే చేతిపనిలోనూ చూడలేదు.

ఆ ఘటాన్ని ఘట విద్వాంసుడు విక్కు వినాయకరాం 'శక్తి' సంగీత బృందంతో 1970లలో దేశదేశాలూ తిప్పారు. ఆయన వాయించిన 'ప్లానెట్ డ్రమ్' ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. ఆయన శిష్యురాలు సుకన్య రాంగోపాల్ వేర్వేరు శ్రుతుల ఘటాలను వరసగా పేర్చి ఘటతరంగమని రాగాలే పలికించారు. త్యాగయ్య తెలుగు కీర్తనకు కచేరీలో ఆ మట్టి తాళం వేస్తుంటే, మన ఊరి కుమ్మరివాడలో చెక్క చప్పుడు ఆగిపోయిందే అని నాకు కడుపు రగులుతుంది.

ఎందుకాగింది? ఇప్పుడు రోడ్డు పక్కన కుప్పలు పోసిన ఎర్రటి కుండలు చూడండి. అచ్చులో ఒత్తి, రెండు సగాలు అతికించి, మీద ఎర్రరంగు పూసి, వార్నిషు కొట్టినవి ఎన్నో! కుండలో నీళ్లు చల్లబడేది గోడ రంధ్రాల్లోంచి చెమ్మ ఊరి ఆవిరైతేనే. వార్నిషుతో ఆ రంధ్రాలు మూసేసి దాన్ని చల్లటి కుండ అని అమ్మడం పచ్చి మోసం. బోనాలకు ఇత్తడి బిందెలు, పెళ్లిలో పెట్టే ఐరేని కుండలకు బదులు రంగేసిన స్టీలు చెంబులు వచ్చాయి. దీపావళికి ప్లాస్టర్ ప్రమిదలు! ఐరేని కుండలు కుమ్మరింటి నుంచి మేళతాళాలతో తెచ్చుకున్న జాతి మనది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనను. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరం ఉంది. కరెంటు సారెలు వచ్చాయి, భుజాల నొప్పి తగ్గింది, మంచిదే. అయితే కరెంటు తిప్పేది సారెనే. చెక్క పట్టే చెయ్యి తయారు కావాలంటే ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో తిండి పెట్టే ధర కుండకు రావాలి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్నారు, ఏడాది కష్టం ఒక్క దుడ్డుకర్ర దెబ్బకు పోతుందని. ఆ గుదియ మనమే పట్టుకుని, పింగాణీ కప్పుకు అడిగినంతా ఇచ్చి కడవ దగ్గర పది రూపాయలకు బేరమాడుతున్నాం.

ఈ ఎండాకాలం కుండ కొనేటప్పుడు లోపలికి చెయ్యి పెట్టి తడమండి. రాయి ఆనిన చోట్ల చిన్న చిన్న పల్లాలు వేలికి తగులుతాయి. అచ్చు కుండకు అవి ఉండవు, అతుకు గీత ఉంటుంది. వేలి కణుపుతో కొట్టండి, ఖంగుమనాలి. రంగూ వార్నిషూ ఉంటే అక్కడే వదిలేయండి. ఇంట్లో పెళ్లి ఉంటే రెండు నెలల ముందే కుమ్మరింటికి వెళ్లి ఐరేని కుండలు చెప్పి, సగం డబ్బు బయానా ఇచ్చి రండి.