యూద పదములు – తెలుగు రూపములు

పరమతపు మాటకు అర్థము చెప్పుట వేరు, పోలిక వెదకుట వేరు. యూదుల ప్రార్థనాలయాన్ని తెలుగు బైబిలు ‘సమాజమందిరము’ అన్నది. హీబ్రూలో ‘బేత్ క్నెసెత్’ అంటే కూడిక యిల్లు. 10 మంది కూడనిదే అక్కడి సామూహిక ప్రార్థన పూర్ణము కాదు. ఆ తెలుగు మాట సార్థకము. ‘ధర్మశాస్త్రము’ అంతటి అదృష్టానికి నోచుకోలేదు. ‘తోరా’ అనగా ముఖ్యంగా ఉపదేశము. గ్రీకు అనువాదము దానిని శాసనము చేయగా, మన మాటా ఆ దారినే నడిచింది.

‘బార్ మిత్స్వా’ను యూదుల ఉపనయనమనుట మరింత పొరపాటు. ఉపనయన సంస్కారము జరుగనిదే వటువు ద్విజుడు కాడు. 13 ఏండ్లు నిండిన యూద బాలుడు ఏ వేడుకా లేకున్నను ఆజ్ఞాబద్ధుడే. తోరా పఠనానికి పిలుచుట ఆ బాధ్యతను సభ గుర్తించుట మాత్రమే. బాలికకు ఆ వయస్సు సంప్రదాయము ననుసరించి 12. 1922లో న్యూయార్కులో జూడిత్ కాప్లాన్ సభలో పఠించిన పిమ్మట అమెరికాలో ఆమెకూ క్రమంగా వేడుక ఏర్పడింది.

ఇది కేవలము నిఘంటుచర్చ కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెంలో, తాము ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకొనే మాదిగ కుటుంబాలు 1991లో సమాజమందిరము నెలకొల్పుకొన్నవి. తరతరాలుగా తమకు మూసియుంచిన సంస్కారపు పేరును వారి నూతన బాధ్యతకు తగిలించుట అర్థదోషమే కాదు, ఔచిత్యభంగము కూడా.

‘పస్కా’ను తెలుగు బైబిలు అట్లే నిలుపుకొన్నది. ‘బార్ మిత్స్వా’నూ నిలిపి, తొలిసారి ‘ఆజ్ఞాపుత్రుడు’ అని వివరించిన చాలును.