గవరయ్య సీసాలో ఎవరున్నారు?

ఎక్కడా ఇమడని కుర్రాడొకడుంటాడు. ఇంట్లో పనికిరానివాడు, ఊళ్ళో లెక్కలోకి రానివాడు. ఓ మాయగాడొచ్చి వాణ్ణి గుహ దగ్గరికి తీసుకుపోతాడు. లోపల ఉన్నది మనుషులు కాని వాళ్ళ లోకం. అక్కడ జిన్నులుంటాయి, ప్రాణం తీసే నిధులుంటాయి. కుర్రాడు లోపలికి వెళ్ళి, ఎలాగో బయటపడి, చివరికి రాకుమారిని పెళ్ళాడతాడు. అల్లావుద్దీన్ కథ ఇదే. 1709లో హన్నా దియాబ్ అనే అలెప్పో యువకుడు పారిస్‌లో గలాన్‌కి చెబితే, ఆయన దాన్ని వెయ్యిన్నొక్క రాత్రుల్లో చేర్చాడు. 1951లో మన 'పాతాళభైరవి' కూడా ఈ దారిలోనే నడిచింది. తోటమాలి కొడుకు, నేపాళ మాంత్రికుడు, గుహ, కోరిన కోరిక తీర్చే శక్తి, ఆఖర్న ఇందుమతితో పెళ్ళి. తెలుగులో జిన్ అనే మాటకి మనం 'భూతం' అని పేరు పెట్టుకుని చందమామ కథల్లో కలిపేసుకున్నాం. ముస్లిం ఇళ్ళల్లో మాత్రం 'జిన్నాత్' అనే అంటారు.

ఈ కథలు చదువుతున్నప్పుడల్లా నా దృష్టి రాకుమారి మీదికి పోతుంది. కుర్రాడు ప్రమాదాన్ని దాటినందుకు ఆమె బహుమతి. ఆమె గుహలోకి దిగదు, భూతంతో మాట్లాడదు. అసలు ఆమే ఆ గుహలోకి వెళ్ళి ఉంటే? వెళ్ళి తిరిగిరాకపోతే ఊరు ఏమనేది? ఈ ప్రశ్నకి జవాబు మా ఉత్తరాంధ్ర సాహిత్యంలోనే ఉందని నా అభిప్రాయం. దానికోసం జానపద కథల్లోకి కూడా పోనక్కర్లేదు. మనమంతా పాఠ్యపుస్తకంలో చదువుకుని, పరీక్ష రాసి, మరిచిపోయిన 'కన్యాశుల్కం'లో ఉంది. కరటకశాస్త్రి శిష్యుడే ఆ కుర్రాడు. పూజారి గవరయ్య చేతిలోని సీసాయే ఆ అద్భుత దీపం.

కన్యాశుల్కం మీద చర్చ అంటే గిరీశం, మధురవాణి. వాళ్ళిద్దరి చుట్టూ నూరేళ్ళకి పైగా తిరుగుతూనే ఉన్నాం. 2007లో వెల్చేరు నారాయణరావు 'గర్ల్స్ ఫర్ సేల్' పేరుతో ఇంగ్లీషు చేసి, దీన్ని ఉత్త సంస్కరణ నాటకంగా చదవడం చాలదని వాదించాక చర్చ కొంత మలుపు తిరిగింది. అయినా శిష్యుడి గురించి ఎవరూ ఎక్కువసేపు ఆగరు. వాడు హాస్యపాత్ర కింద కొట్టుకుపోయాడు. గవరయ్య సీసా అయితే మరీ. ఆ సన్నివేశం చదివి వినిపిస్తే క్లాసులో పిల్లలు నవ్వుతారు, సెమినార్లో పెద్దలూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ నవ్వి వదిలేసే సన్నివేశం కాదది.

కథ మీకు తెలిసిందే, నాకు కావలసినంత మటుకే చెబుతాను. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి పద్ధెనిమిది వందలకి అమ్మడానికి సిద్ధపడతాడు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే విధవరాలై ఇంట్లో ఉంది. చెల్లెలి కూతుర్ని తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి ఓ ఎత్తు వేస్తాడు. నాటకాల్లో ఆడవేషం కట్టే తన శిష్యుడికి చీర కట్టి, తను గుంటూరు శాస్త్రి వేషం వేసి, ఇంకా తక్కువ ధరకి 'పిల్ల'ని లుబ్ధావధాన్లుకే అంటగడతాడు. పెళ్ళి జరిగిపోతుంది. ఓ రాత్రి 'పెళ్ళికూతురు' మాయమైపోతుంది. ఆ మాయమైన పిల్లే మాయగుంట. 'గుంట' అంటే మా వైపు పిల్ల. ఆ మాటలో ముద్దూ ఉంటుంది, చులకనా ఉంటుంది, ఎవరు ఎవర్ని అంటున్నారన్న దాన్ని బట్టి.

గవరయ్య వచ్చేది ఇక్కడే. మాయమైంది మనిషి కాదు, పిశాచం అని తేలుస్తాడు. దాన్ని పట్టి సీసాలో బిగించానంటాడు.

ఒక్కసారి ఊరి వైపు నుంచి చూడండి. డబ్బిచ్చి కొన్న పిల్ల తాళి కట్టిన ఇంట్లోంచి రాత్రికి రాత్రి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళింది అని అడగాలి. అడిగితే ఆ ముసలాడి వయసు గురించి మాట్లాడాలి, ధర గురించి మాట్లాడాలి, మధ్యలో బేరం కుదిర్చిన రామప్పంతులు గురించి, ఆ ఇంటి వితంతువు మీనాక్షి దగ్గరికి అతని రాకపోకల గురించి మాట్లాడాలి. చంపేశారా అన్న అనుమానం ఒకటి ఉండనే ఉంది. ఇన్ని ప్రశ్నలకి ఒక్క బిరడా చాలు. పిశాచమైతే పారిపోవడం ఉండదు, హత్యా ఉండదు, అమ్మకమూ ఉండదు. పిశాచాన్ని ఎవరు అమ్మారని ఎవరడుగుతారు? ఎవరూ ఏ తప్పూ చెయ్యని ఊరు మిగులుతుంది.

వెయ్యిన్నొక్క రాత్రుల్లో జాలరి కథ గుర్తు తెచ్చుకోండి. వలలో పడిన ఇత్తడి పాత్రకి సులేమాన్ ముద్ర ఉంటుంది. మూత తీస్తే జిన్ బయటికొచ్చి, వందల ఏళ్ళుగా తను పడిన బంధన గురించి, ఎదురుచూపు గురించి, ఆ ఎదురుచూపు కోపంగా మారిన వైనం గురించి తనే చెప్పుకుంటుంది. అది ప్రమాదకరమైన జిన్నే, విడిపించినవాణ్ణే చంపుతానంటుంది. కానీ దానికి గొంతుంది, ఫిర్యాదుంది. ఇస్లాం విశ్వాసంలో జిన్నులు చచ్చిపోయిన మనుషులు కారు. నిప్పుతో పుట్టిన వేరే జాతి, మంచీచెడూ తెలిసిన జాతి, తమ కర్మకి తామే బాధ్యులు. ఖురాన్‌లో 72వ సూరా పేరే జిన్. మన పిశాచానికి ఆ గౌరవం లేదు. అది ఎప్పుడూ ఎవరో చచ్చిన మనిషి, చాలాసార్లు చచ్చిన ఆడది. జాలరి సీసా కథ మూత తీస్తేనే మొదలవుతుంది. గవరయ్య సీసా విషయంలో బిరడా తీయకపోవడం మీదే ఊరి పరువంతా నిలబడి ఉంది.

అందులో ఎవరూ లేరు కదా అంటారేమో. నిజమే, నాటకం చూసేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. మాయగుంట మొగపిల్లాడు. చీర విప్పేశాడు, వెళ్ళిపోయాడు. గురజాడ హాస్యానికి బలం అక్కడే ఉంది, నాకు ముల్లు గుచ్చుకునేదీ అక్కడే. వాడు వెళ్ళగలిగాడు, ఎందుకంటే చీర కింద వాడు మొగవాడు. రాత్రి దారిలో ఒంటరి కుర్రాణ్ణి ఎవరూ ఆపి ఎవరి తాలూకు అని అడగరు. నాటకం చివర మధురవాణి సౌజన్యారావు పంతులు ఇంట్లోకి అడుగుపెట్టిందీ మొగవేషంలోనే. ఆ కాలపు తెలుగు రంగస్థలం మీద ఆడవేషాలన్నీ మొగవాళ్ళే కట్టేవారు. అంటే 1892లో విజయనగరంలో ఈ నాటకం ఆడుతున్నప్పుడు, ఆడవేషం వేసిన మొగవాళ్ళ మధ్య, ఆడవేషం వేసిన మొగపిల్లాడి పాత్ర. ఆడపిల్ల అన్నది వేసుకుని విప్పుకునే వేషమైన చోట, ఆ వేషం విప్పలేని సుబ్బి, బుచ్చమ్మ, మీనాక్షి ఎక్కడికి పోతారు?

గురజాడ ఈ ప్రశ్న దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చాడు. ముసలివాడికి అమ్ముడుపోయిన పూర్ణమ్మ దుర్గ గుడికి వెళ్ళి మళ్ళీ ఇంటికి రాదు, దుర్గని చేరిపోతుంది. రాజు కన్ను పడిన కన్యక నిప్పుల్లోకి నడుస్తుంది. బుచ్చమ్మ గిరీశంతో రాత్రిపూట లేచిపోయి, ఆఖరికి పూనా విడోస్ హోముకి చేరుతుంది. మాయగుంట సీసాలోకి పోతుంది. నలుగురూ ఇంట్లోంచి మాయమైన ఆడవాళ్ళే. ఒకరికి గుడి, ఒకరికి నిప్పు, ఒకరికి హోము, ఒకరికి సీసా. వాళ్ళలో మనిషిగా వెనక్కి వచ్చినది ఒక్క మాయగుంటే. అదీ మొగపిల్లాడిగా.

విజయనగరంలో పుట్టి పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. మా పైడితల్లి కథే చూడండి. 1757 బొబ్బిలి యుద్ధంలో విజయరామరాజు చనిపోయాక, ఆయన చెల్లెలు ఆ దుఃఖంలో ప్రాణం విడిచి, పెద్దచెరువులో విగ్రహమై దొరికిందని జనం చెప్పుకుంటారు. దసరా తరవాత వచ్చే మంగళవారం నాడు సిరిమాను మీద అమ్మవారికి బదులు కూర్చుని ఊరేగేది పూజారి, అంటే మొగవాడు. భక్తిని నేను తక్కువ చెయ్యడం లేదు. మా అమ్మతో పాటు ఆ జనంలో నిలబడి నేనూ అరటిపళ్ళు విసిరినదాన్నే. నేను చెప్పేదల్లా, ఈ ఊళ్ళో బతికిన రచయితకి చెరువులో కలిసిపోయిన ఆడపిల్ల దేవత కావడం ఎలా ఉంటుందో పుస్తకం చూసి నేర్చుకోవలసిన విషయం కాదని.

దేవతని చెయ్యడానికీ పిశాచాన్ని చెయ్యడానికీ మధ్య తేడా ఎంత? మా నాయనమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. చిన్నప్పుడు నేను మధ్యాహ్నం పూట ఓ పాడుబావి వైపు వెళితే కేకలేసేది. "అటేపెల్లకే, ఆ గుంట బావిలో దిగీసింది, గాలై తిరుగుతంది" అనేది. ఏ గుంట, ఎందుకు దిగింది అని పెద్దయ్యాక అడిగాను. పెళ్ళయిన ఏడాదికే అంది. మొగుడి గురించి అడిగితే మాట మార్చేసింది. పేరు అడిగితే గుర్తులేదంది. బావి గుర్తుంది, గాలి గుర్తుంది, ఏ పూట వెళ్ళకూడదో గుర్తుంది, పేరు లేదు. మా నాయనమ్మ చెడ్డమనిషి కాదు. ఆ పిల్ల గురించి మాట్లాడటానికి ఆమెకి ఊరు ఇచ్చిన మాట అదొక్కటే.

ఇక ఏజెన్సీ వైపు వెళితే 'చిల్లంగి' అనే మాట ఉంది. అది పడినవాళ్ళకి సీసాలో బంధించినట్టు నటించడంతో పని తీరదు, దెబ్బలు తగులుతాయి, ప్రాణాలు పోతాయి. మా పొరుగున ఒడిశా 2013లో మంత్రగత్తె ముద్ర వేసి వేధించడానికి వ్యతిరేకంగా విడిగా చట్టమే చేసుకోవలసి వచ్చింది. గవరయ్యని ఉత్త వెర్రి పూజారిగా చూసి నవ్వుకునేటప్పుడు ఈ సంగతి కూడా పక్కన పెట్టుకోవాలి.

ఓ చిన్న సంగతి, విమర్శ కంటే సరదా ఎక్కువ. 1942లో జెమిని 'బాలనాగమ్మ' తీసినప్పుడు, రాణిని కుక్కగా మార్చి ఎత్తుకుపోయి తన గుహలో బంధించే మాయల మరాఠీ వేషం వేసింది గోవిందరాజుల సుబ్బారావు. 1955 'కన్యాశుల్కం' సినిమాలో లుబ్ధావధాన్లు ఆయనే. నిర్మాతలు ఏమనుకుని ఇచ్చారో గానీ, ఈ రెండు వేషాలూ ఒక మనిషికే రావడం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. ఆడదాన్ని దాచే గుహకి కొండలే అక్కర్లేదు, అగ్రహారంలో పెంకుటిల్లూ సరిపోతుంది. శిష్యుడు దిగిన గుహ అదే. బాలనాగమ్మని విడిపించడానికి ఆమె కొడుకు బాలవర్ధి ఏడేడు సముద్రాల అవతలికి వెళ్ళి చిలకని తెస్తాడు. లుబ్ధావధాన్లు ఇంట్లో మీనాక్షి కోసం వచ్చేవాడు రామప్పంతులు ఒక్కడే.

గురజాడ 1897 ముద్రణకి రాసిన ఇంగ్లీషు పీఠికలో అంకెలున్నాయి. విజయనగరం మహారాజా విశాఖపట్నం జిల్లాలో లెక్క తీయిస్తే, మూడేళ్ళలో నమోదైన కన్యాశుల్కం పెళ్ళిళ్ళు 1034. ఏడాదికి సగటున 344. వాళ్ళలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. పేర్లు పీఠికలో లేవు. నాటకంలో సుబ్బి మాట్లాడేది ఎంత తక్కువో లెక్కపెట్టి చూస్తే, ఆ 1034 మందిలో ఒక్కరి గొంతు కూడా మనదాకా రాలేదని అర్థమవుతుంది. గురజాడ మౌనాన్ని మౌనంగానే చూపించాడని సమర్థించవచ్చు. నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. మధురవాణికి అంత మాట ఇచ్చిన రచయితకి సుబ్బి చేత మాట్లాడించడం చేతకాక కాదు.

ఐతే ఒక్క చోట మాత్రం ఆయన్ని అంత తేలిగ్గా వదలలేను. శిష్యుడు ఆ గుహలోకి ఊరికే దిగడు. ఏమిస్తారని గురువుని అడుగుతాడు. పని సాధించుకొస్తే తన కూతుర్నిచ్చి ఇల్లరికం ఉంచుకుంటానని కరటకశాస్త్రి మాటిస్తాడు. గురుశిష్యుల మధ్య చతురోక్తిగా ఇది గడిచిపోతుంది, మనమూ నవ్వి దాటిపోతాం. ఆగి చూస్తే, సుబ్బిని అమ్మకం నుంచి తప్పించడానికి జరిగిన బేరంలో ఇంకో ఆడపిల్ల చెల్లుబాటయింది. అల్లావుద్దీన్‌కి రాకుమారి దొరికినట్టే. ఇది డబ్బు పుచ్చుకోని ఇవ్వడం కాబట్టి దీనికి కన్యాశుల్కం అని పేరు రాదు. ఆ పిల్ల రంగం మీదికి రాదు. నీకు ఇష్టమేనా అని ఆమెని అడిగే సన్నివేశం ఎక్కడా లేదు. వయసెంతో మనకి తెలీదు. ఐదుండొచ్చు. పీఠికలో లెక్కగట్టిన 99 మందితో పాటు ఆడుకునే ఈడుది అయ్యుండొచ్చు, గుమ్మంలో కూచుని, నాన్న ఎప్పుడొస్తాడా అని చూస్తూ.