తోలు సుత్తుల గొంతు

ఓ వాల్టర్ పియానో! 1782 ప్రాంతంలో వియన్నాలో ఆంటన్ వాల్టర్ చేతుల్లో రూపుదిద్దుకున్నావు. మొజార్ట్ వేళ్ళ కింద పలికావు. ఆయన పోయాక కొడుకు నిన్ను సాల్జ్‌బర్గ్‌కు అప్పగిస్తే, నేటికీ ఆ ఊళ్ళోనే ఉన్నావు.

నీ ఒంట్లో ఇనుప చట్రం లేదు, అంతా చెక్కే. సన్నని తీగలు, తోలు తొడిగిన చిట్టి సుత్తులు, 61 మెట్లు. నీ బరువు దాదాపు 85 కిలోలు. నేటి కచేరీ పియానో నీకు అయిదింతల పైమాటే. నీ స్వరం పుట్టీ పుట్టగానే తరిగిపోతుంది. అది లోపమన్నవారు ఉన్నారు. నాకు మాత్రం నీ అందమంతా అందులోనే ఉంది. స్వరం నిలవదు గనకే దాని మొదలూ తుదీ స్పష్టంగా తెలుస్తాయి, రాగం మాటల్లా పలుకుతుంది. మంద్రంలో గరగర, మధ్యస్థాయిలో మనిషి గొంతు, తారస్థాయిలో గాజుల గలగల. ఒక్క వాద్యంలో ఇన్ని గొంతులా!

1785 ఫిబ్రవరి 11న వియన్నాలోని మెల్‌గ్రూబె హాల్లో తొలిసారి వినిపించిన మొజార్ట్ డి మైనర్ పియానో కాన్చెర్టో తలుచుకుంటాను. ఆ వేళ దాకా స్వరలిపి నకళ్ళు రాస్తూనే ఉన్నారట. చివరి భాగం ఒక్కసారైనా వాయించి చూసుకోవడానికి మొజార్ట్‌కు తీరిక దొరకలేదని తండ్రి లియోపోల్డ్ ఉత్తరంలో రాశాడు. వాద్యబృందం తాళానికి ఎదురెత్తుగా, అణచుకున్న గుబులులా మొదలవుతుంది. ఆ హోరు తగ్గాక పియానో ఒంటరిగా కొత్త పాట ఎత్తుకుంటుంది. ఆ పాటను బృందం ఎన్నడూ అందుకోదు. పెద్ద పియానో మీద అది మహారాణి రాకలా ఉంటుంది. నీ మీద వింటే, గుండె దిటవు చేసుకుని నోరు విప్పిన మనిషి వినిపిస్తాడు.

రెండో భాగం నడుమ గాలివాన లేస్తుంది. పియానో స్వరాలు ఉరకలెత్తుతాయి. చెక్క ఫ్లూటు, ఓబోలు, బసూన్లు నీతో సమానంగా నిలబడి బదులిస్తాయి. ఎవరి గొంతూ ఎవరినీ మింగదు. జంతువుల పేగుతో చేసిన తీగల మీద వయొలిన్లు గరుకుగా, వెచ్చగా పలుకుతాయి.

రెండు వేలమంది కూర్చునే హాల్లో నువ్వు వినపడవు. నీ పక్కకొచ్చి కూర్చున్నది మైకే. దానికి నేను దండం పెడతాను. 1980లలో పియానిస్టు మాల్కం బిల్సన్, సంచాలకుడు జాన్ ఎలియట్ గార్డినర్ బృందంతో కలిసి మొజార్ట్ సొంత పియానో కాన్చెర్టోలన్నీ రికార్డు చేశారు. బిల్సన్ వాయించింది నీ నమూనాలో ఫిలిప్ బెల్ట్ చేసిన పియానో. తర్వాత పియానిస్టు రాబర్ట్ లెవిన్, సంచాలకుడు క్రిస్టఫర్ హాగ్‌వుడ్ మొదలుపెట్టిన అలాంటి రికార్డుల వరుస మధ్యలో ఆగిపోయింది. 2014లో హాగ్‌వుడ్ కన్నుమూశారు. ఆగిన ఆ వరుస మళ్ళీ మొదలై పూర్తయ్యేసరికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది. బృందం ఆగి పియానో ఒంటరిగా పలికే కాడెన్జా వస్తే లెవిన్ కాగితం వైపు చూడడు, మొజార్ట్ చేసినట్టే అప్పటికప్పుడు అల్లుకుంటాడు. మన సంగీతంలోని మనోధర్మం ఎరిగిన చెవికి ఆ క్షణం ఎంత ఆత్మీయమో చెప్పనక్కర్లేదు.

ఈ డి మైనర్‌కు మొజార్ట్ రాసిన కాడెన్జాలేవీ మిగల్లేదు. బీతోవెన్ రాసినవి ఉన్నాయి. అవి గొప్పవే, కానీ బీతోవెన్ గొంతుతో మాట్లాడతాయి. అప్పటికప్పుడు పుట్టిందే నాకు ఇష్టం.

చదువుతున్నవారికి ఒక్క మనవి. ముందు ఆ కాన్చెర్టో రెండో భాగం వినండి, వాల్యూమ్ పెంచకుండా. మొదటి నిమిషం గొంతు చిన్నదిగా తోస్తుంది. ఓపిక పట్టండి, చెవి దానంతటదే దగ్గరికి జరుగుతుంది.