గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు

మా అమ్మ ఫోన్ చేస్తే ముందు వానల ముచ్చట, తర్వాత వడ్ల ముచ్చట, ఆఖర్న నా ముచ్చట. మొన్న కార్తీకంలో ఆ వరుస తప్పింది. "పిల్లి నోట్లెకెల్లి నెత్తురు కారుతాంది కొడుకా. పొద్దుగాలనుంచి గడ్డివాము కింద పండుకున్నది, లేస్తలేదు. పురుగేమన్న ముట్టిందో ఏమో" అంది. మా చిల్పూరులో పురుగంటే పాము. గుట్ట కింది ఊరు, బండలూ పొదలూ ఎక్కువ. రక్తపింజర అని పేరెత్తడం ఎవరికీ ఇష్టం ఉండదు.

నేను ముప్పై ఏళ్లుగా హనుమకొండలో మనుషుల నెత్తురు పరీక్షలు చేసి బతుకుతున్నవాణ్ని. పిల్లి నెత్తురు ఎన్నడూ ముట్టలేదు. ఆ మాటే అంటే, "నువ్వు నెత్తురు సూసెటోనివే గదా, ఎవలిదైతేంది" అంది. ఆపైన, పిల్లిని చంపుకున్న పాపం కాశీకి పోయినా పోదని గుర్తుచేసింది.

బయల్దేరే ముందే పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన మొదటి ప్రశ్న, "ఇంట్లో ఎలుకల మందు పెట్టారా?" రెండోది, "ఒంటి మీద ఎక్కడైనా వాపుందా?" నేను ల్యాబ్ మనిషినని తెలిశాక ఒక పని చెప్పారు. తాను వచ్చి సూది వేసేలోపు నెత్తురు తీసి ఉంచమన్నారు. మందు పడ్డాక తీస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. "మెడ నరం జోలికి మాత్రం పోకండి" అని హెచ్చరించారు. గడ్డకట్టే గుణం పోయిన నెత్తురైతే మెడలో కన్నం లోలోపలే కారుతుంది, అక్కడ గట్టిగా నొక్కి పట్టుకునే వీలుండదు. కాలి నరమైతే బొటనవేలితో నొక్కి కూర్చోవచ్చు.

పరీక్ష కోసం అరలన్నీ వెతికితే తేలిందేమిటంటే, నా దగ్గర గాజు ట్యూబు లేదు! ఇప్పుడన్నీ ప్లాస్టిక్కే. పాము కాటు కేసుల్లో ఇప్పటికీ చేసే ఇరవై నిమిషాల పరీక్షకు కావలసింది ఒకే ఒక వస్తువు, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టం. 2 మిల్లీలీటర్ల నెత్తురు పోసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి, ఒక్కసారి వంచి చూడాలి. ముద్ద కట్టి ఉంటే సరే, నీళ్లలా జారిందంటే ప్రమాదం. ప్లాస్టిక్ గొట్టంలో ఈ లెక్క కుదరదు. సబ్బుపొడితో కడిగిన గాజూ పనికిరాదు. చివరికి ఒక పాత మిత్రుడి దుకాణంలో సీలు విప్పని డబ్బా దొరికింది.

పిల్లిని అమ్మ తన పాత నూలుచీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. తల కొంగులో దాచి, వెనక కాలు ఒక్కటే బయటికి వదిలింది. తొడ లోపలి వైపు వెంట్రుకలు స్పిరిట్‌తో తడిపితే సన్నటి నీలిగీత తేలింది. గింజుకోలేదు, గుర్రుమనలేదు. నాకు భయం వేసింది అందుకే. మూడు కిలోల పిల్లిలో ఉండే నెత్తురంతా కలిపినా సుమారు 180 మిల్లీలీటర్లే, అంటే ఓ చాయ్ గ్లాసు. అందులో ఎంత కారిపోయిందో తెలియదు. సన్న బటర్‌ఫ్లై సూదితో ఒక మిల్లీలీటరు, గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ఉన్న నీలం మూత ట్యూబులోకి, ఒకటి గాజు గొట్టంలోకి. గాజులోకి మామూలు కొలతలో సగమే పోశాను. సూది తీశాక పది నిమిషాలు నొక్కి పట్టుకున్నా దూది ఎర్రబడుతూనే ఉంది. సగం రిపోర్టు ఆ దూదే ఇచ్చేసింది.

గాజు గొట్టాన్ని ఇత్తడి చెంబులో నిలబెట్టి అరుగు మీద కూర్చున్నాను. ఇరవై నిమిషాలు చిన్నవేం కావు. కాటుక రేకుల పొడ గుర్తొచ్చింది. రక్తపింజరకు విశాఖ తీరంలో ఉన్న తెలుగు పేరది. అక్కడ ఉండి పాములను సేకరించిన పాట్రిక్ రస్సెల్ 1796 నాటి తన పుస్తకంలో ఆ పేరుతోనే దాన్ని ఎక్కించాడు. తర్వాత లోకం దానికి ఆయన పేరే పెట్టుకుంది. 1934లో ఇంగ్లండులో మాక్‌ఫార్లేన్, బార్నెట్ అనే ఇద్దరు ఆ విషాన్నే బాగా పలచన చేసి, హిమోఫిలియా రోగుల గాయాల దగ్గర నెత్తురు ఆపడానికి వాడారు. విషం నెత్తుటిని గడ్డకట్టించే పదార్థాల్లో ఒకటైన పదో ఫ్యాక్టర్‌ను నేరుగా తట్టి లేపుతుంది. కాటు పడ్డ ఒంట్లో ఉన్న సరుకంతా అలా ఖర్చయిపోబట్టే ఆ తర్వాత గడ్డకట్టడానికేమీ మిగలదు. పెద్ద ల్యాబుల్లో ఇప్పటికీ ఒక పరీక్షకు ఆ పాము విషమే రసాయనం.

పిల్లికి పాము విషం తగిలితే ఏమవుతుందని ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో చూశారు. పిల్లి, కుక్క ప్లాస్మాల్లో 11 రకాల పాముల విషాలు కలిపి గడ్డకట్టే సమయం కొలిస్తే, కుక్క ప్లాస్మా మీద విషం త్వరగా పనిచేసింది, పిల్లి ప్లాస్మా మీద నెమ్మదిగా. అక్కడి ఈస్టర్న్ బ్రౌన్ పాము కరిస్తే, విరుగుడు లేకుండా బతికే కుక్కలు 31 శాతం, పిల్లులు 66 శాతం. పిల్లికి తొమ్మిది ప్రాణాలన్న మాటకు ప్లాస్మాలోనూ కొంత ఆధారం ఉందన్నమాట. అయితే మా పిల్లి ఒంటి మీద వాపు లేదు, కాటూ లేదు.

ఇరవై నిమిషాలయ్యాయి. గొట్టం వంచాను. కుంకుమ నీళ్లలా అంచుదాకా జారింది.

అంతమాత్రాన తీర్పు చెప్పేయకూడదు, పిల్లుల్లో మరీను. గాజు గోడ తగిలితే మేలుకునేది పన్నెండో ఫ్యాక్టర్. దాన్ని హేజ్‌మన్ ఫ్యాక్టర్ అంటారు. జాన్ హేజ్‌మన్ అమెరికాలో ఒక రైల్వే కార్మికుడు. ఆయన నెత్తురు గాజు గొట్టంలో ఎంతకీ గడ్డకట్టేది కాదు. మనిషికి మాత్రం ఏ రక్తస్రావమూ లేదు. 1955లో రాట్నాఫ్, కొలోపీ ఆ లోపాన్ని బయటపెట్టారు. ఆ హేజ్‌మనే 1968లో ఊపిరితిత్తుల్లో నెత్తుటి గడ్డ అడ్డుపడి చనిపోయాడు. పిల్లుల్లో పుట్టుకతో వచ్చే గడ్డకట్టే లోపాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. అలాంటి పిల్లి ఎలుకలు పట్టుకుంటూ, గోడలు దూకుతూ హాయిగా బతుకుతుంది. గాజు గొట్టం మాత్రం దాన్ని చావుబతుకుల మీద ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని పన్నెండో ఫ్యాక్టర్ ఊసే లేని పీటీ (ప్రోత్రాంబిన్ టైమ్) అనే గడ్డకట్టే పరీక్ష కూడా చేయాలి.

పీటీ చేయాలంటే పక్కన పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్న పిల్లి నెత్తురు కావాలి. మనుషుల ల్యాబు కంప్యూటరు ఏ జంతువు శాంపిలుకైనా పక్కన మనుషుల నార్మల్ అచ్చేసి ఇస్తుంది. దాన్ని నమ్మి వైద్యం చేయడం పక్కింటి చెప్పులు తొడుక్కోవడమే. పెద్దమ్మ వాళ్ల గండుపిల్లిని పట్టుకోవడానికి ఇద్దరు పిల్లలు, ఒక బియ్యం సంచి, ఎండు చేప ముక్క అవసరమయ్యాయి. నా మణికట్టు మీద నాలుగు గీతలు. నరం దొరికినట్టే దొరికి జారిపోయింది. మళ్లీ పొడిస్తే బొట్టుబొట్టుగా వచ్చింది. ట్యూబు నింపాను కానీ వంచి చూస్తే అడుగున వానపాములా చిన్న గడ్డ. ముప్పై ఏళ్ల అనుభవం అక్కడ బోర్లా పడింది! సూది లోపల కెలికితే కండలోని రసం నెత్తుటిలో కలిసి, సిట్రేట్ అందుకునేలోపే గడ్డకట్టడం మొదలవుతుంది. ఆ శాంపిలు మెషీన్లో పెడితే ఏదో ఒక అంకె వస్తుంది. అది పిల్లి అంకె కాదు, నా చేతి అంకె. పారబోశాను. గంట ఆగి, ఇంకో కాలికి, ఈసారి ఒకే పోటులో తీశాను. తొమ్మిది పాళ్లకు ఒక పాలు సిట్రేట్ ఉండాలి. ట్యూబు సగమే నిండితే మందు ఎక్కువై మంచి నెత్తురూ చెడ్డదిగా కనిపిస్తుంది. గీత దాకా నిండింది.

ఈలోగా డాక్టరు వచ్చి విటమిన్ కె1 సూది వేశారు. రిపోర్టు కోసం ఆగలేదు. కె1 పనిచేయడానికే గంటలు పడుతుంది.

హనుమకొండలో ఆ రాత్రి మెషీన్ పక్కనబెట్టి పాత పద్ధతిలో చేశాను. 37 డిగ్రీల నీళ్లలో గొట్టం, చేతిలో స్టాప్‌వాచ్. ప్లాస్మాలో రసాయనం పడగానే బొత్తాం నొక్కి, దీపం ముందు గొట్టాన్ని వంచుతూ లేపుతూ చూడాలి. గండుపిల్లి ప్లాస్మా 11 సెకన్లకు తెల్లటి పోగు వేసింది. అరిసెల పాకం తీగ సాగుతుందే, అలాగే. మా పిల్లిది నిమిషం దాటింది, రెండు నిమిషాలూ దాటాయి. తీగ లేదు. పన్నెండో ఫ్యాక్టర్‌నూ కలుపుకుని చూసే ఏపీటీటీ పరీక్షలోనూ అంతే.

రెండూ ఇంతలా పెరిగాయంటే పన్నెండోది ఒక్కటే కారణం కాదు. రెండు, ఏడు, తొమ్మిది, పది, ఈ నాలుగు ఫ్యాక్టర్లూ విటమిన్ కె లేనిదే పనికొచ్చేలా తయారవవు. కొన్ని ఎలుకల మందులు ఆ విటమిన్ పనినే అడ్డుకుంటాయి. అప్పుడు ఏడోది ముందుగా అడుగంటుతుంది, ఒంట్లో దాని ఆయువు కొన్ని గంటలే. అందుకే పీటీ అన్నిటికంటే ముందు పెరుగుతుంది. మందు తిన్న కొన్ని రోజులకు గానీ నెత్తురు పైకి కనిపించదు.

తెల్లారి అమ్మకు ఫోన్ చేసి ఎలుకల మందు గురించి గట్టిగా అడిగితే, విత్తనాల గదిలో బాబాయి పెట్టిన నీలం బిళ్లల సంగతి బయటపడింది. అమ్మ దాచిందేమీ లేదు. ఆమె దృష్టిలో ఎలుకల మందంటే నల్లపొడే. పెంట మీద కవరు దొరికింది, బ్రోమాడియోలోన్. పిల్లి బిళ్ల ముట్టుకుందో లేదో, మత్తుగా తిరిగే ఎలుకలను మాత్రం తినే ఉంటుంది. ఈ జాతి మందులన్నీ అమెరికాలో బూజు పట్టిన గడ్డి మేసి నెత్తురు కారి చచ్చిన ఆవుల దగ్గర మొదలయ్యాయి. 1933లో ఒక రైతు గడ్డకట్టని నెత్తురు డబ్బాలో పట్టుకుని మంచుతుఫానులో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి పోతే, కార్ల్ పాల్ లింక్ బృందం ఏళ్ల తరబడి తవ్వి ఆ గడ్డిలోని విషాన్ని పట్టుకుంది. దాని తోబుట్టువు వార్ఫరిన్ 1948లో ఎలుకల మందయింది, తర్వాత గుండె జబ్బుల మాత్రా అయింది.

మా పిల్లికి నాలుగు వారాలు కె1 మాత్ర, వెన్న అద్దిన అన్నంలో పెట్టి. కొవ్వుతో కలిస్తేనే అది ఒంటికి పడుతుంది. మాత్ర ఆపిన 48 గంటలకు మళ్లీ నెత్తురు తీశాను. ఈసారి పిల్లి నన్ను కరిచింది, అమ్మ సంతోషించింది. పీటీ 12 సెకన్లు.

ఎలుకల మందు పెట్టేవాళ్లకు ఒక మాట. ఆ కవరు పారేయకండి, గోడకు మేకు కొట్టి తగిలించండి. నల్లపొడి జింక్ ఫాస్ఫైడ్‌కు ఈ కె1 విరుగుడు కాదు.