పూటకూళ్ళమ్మ ఇరవై రూపాయలు

నగరాన్ని మన సాహిత్యం ఎవరి కళ్ళతో చూసింది అన్న ప్రశ్న తెలుగు విమర్శలో రావలసినంతగా రాలేదు. నగర వర్ణన అనగానే కోటలు, మేడలు, ఉద్యానాలు, వేశ్యవాటికలు మనకు గుర్తుకు వస్తాయి. కాని నగరం మనుషులు అన్నం తినే చోటు కూడా. ఆ అన్నం ఎక్కడ దొరికింది, దానికి కావలసిన సరుకు ఏ సంతనుంచి వచ్చింది, తిన్నవాడు సాయంకాలం ఏ ఆట చూడబోయాడు అన్న మూడు ప్రశ్నలనూ కలిపి అడిగితే ఒక కాలపు నాగరికత ఎవరి రెక్కలమీద నిలిచిందో తేలుతుంది. ఈ దృష్టితో రెండు నాటకాలను పరిశీలించదలచాను. ఒకటి ఓరుగల్లును చూపే "క్రీడాభిరామం", రెండవది విజయనగరాన్ని చూపే "కన్యాశుల్కం". విజయనగరం నాటకానికి ఓరుగల్లుతో పని ఏమిటని పాఠకులు అడగవచ్చు. నేను పాఠాలు చెప్పేది ఇక్కడే. ఆ నాటకం గురించి నాకు జవాబు దొరకని ప్రశ్న ఎదురైనది కూడా ఇక్కడే.

క్రీడాభిరామం తెలుగులో మనకు దక్కిన ప్రాచీన వీథి రూపకం. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం దానికి మూలం. కర్త వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్న వివాదంతో మనకిప్పుడు నిమిత్తం లేదు. మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల రాజధానిలో ఒక రోజంతా తిరుగుతారు. వాడలు చూస్తారు, సంత చూస్తారు, కోడిపందెం చూస్తారు, పల్నాటి వీరుల కథ పాడగా వింటారు. భోజనం మాట వచ్చేసరికి పూటకూటి ఇల్లు వస్తుంది. ఒక్క రూక ఇస్తే లక్ష్మణవజ్ఝల ఇంట ఏమేమి పెడతారో ఆ పద్యం నోరూరేటట్టు చెబుతుంది: మేలురకం బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. రాజుల వంశావళులకన్నా ఇటువంటి పద్యమే చరిత్రకు ఎక్కువ పనికివస్తుందని సురవరం ప్రతాపరెడ్డిగారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" 1949లోనే నిరూపించింది. ఆ మేరకు మనం ఈ కావ్యానికి ఋణపడి ఉన్నాం.

అయితే ఆ పద్యాన్ని తరగతిలో ఎన్నో ఏళ్ళు చెప్పిన తర్వాతగాని నాకు ఒక సంగతి తట్టలేదు. అందులో ధర ఉంది, వంటకాల పట్టిక ఉంది, ఇంటి యజమాని పేరు ఉంది. వండిన మనిషి లేదు. పెసరపప్పు కడిగిన చెయ్యి లేదు, పొయ్యి ఊదిన నోరు లేదు, విస్తరి ఎత్తిన మనిషి లేదు. భోజనం రూకకు బదులుగా తనంతట తానే విస్తట్లోకి దిగివచ్చినట్టు ఉంటుంది. దీనికి కవి స్వభావం ఒక్కటే కారణం కాదు, ప్రక్రియ కూడా కారణం. వీథిలో రంగంమీద ఉండే పాత్రలు ఒకటి రెండు. నగరమంతా ఆ ఇద్దరు మగవాళ్ళ మాటల్లోనే మనకు కనబడాలి. వాళ్ళు తీరిక ఉన్నవాళ్ళు, చేతిలో డబ్బు ఉన్నవాళ్ళు. పనిచేసుకునే స్త్రీలు కూడా వాళ్ళకు వినోదంగానే కనబడతారు. ఓరుగల్లు మాట్లాడదు, ఓరుగల్లు గురించి ఇద్దరు గిరాకీలు మాట్లాడతారు.

మన అలంకారశాస్త్రం కూడా ఈ చూపునకు దూరం కాదు. రసం అంటే ఏమిటో చెప్పడానికి భరతుడు భోజనాన్నే ఉపమానంగా తీసుకున్నాడు. రకరకాల వ్యంజనాలతో సంస్కరించిన అన్నం తింటూ మంచి మనస్సుగల పురుషుడు రుచిని ఎలా ఆస్వాదిస్తాడో, ప్రేక్షకుడు స్థాయిభావాలను అలా ఆస్వాదిస్తాడని నాట్యశాస్త్రం వివరణ. ఉపమానం గొప్పది, అనుమానం లేదు. నాటకాన్ని స్వర్గంనుంచి వంటింటి పక్కకు దించిన ఉపమానం అది. కాని దించిన తర్వాత కూర్చోబెట్టింది పంక్తిలో, పొయ్యి దగ్గర కాదు. శాస్త్రం తినేవాని అర్హతను గురించి ఎంతో చెప్పింది. మనవాళ్ళు "సహృదయుడు" అన్న మాటను శతాబ్దాలపాటు చర్చించారు. వండేవాని హృదయం చర్చకు రాలేదు. తెలుగులో పాత్ర అంటే వేషమూ అవుతుంది, గిన్నే అవుతుంది. మొదటి అర్థంమీద మనం పుస్తకాలు వ్రాశాం. రెండవదాన్ని తోమినవాళ్ళను గురించి వ్రాయలేదు.

ఇక కన్యాశుల్కానికి వద్దాం. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన ఈ నాటకం 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని చాలావరకు తిరగరాసి 1909లో ప్రకటించారు. మనం ఇవాళ చదివేది ఈ రెండవ కూర్పునే. తెర లేవగానే బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒంటరిగా తన ఇబ్బందులు చెప్పుకుంటాడు. వాటిలో మొదటివరసలో ఉన్నది ఒక బాకీ. సంతలో సరుకులు తెచ్చిపెడతానని నమ్మించి పూటకూళ్ళమ్మ దగ్గర తీసుకున్న ఇరవై రూపాయలను అతడు మధురవాణి పాలు చేశాడు. పూటకూటి ఇల్లు, సంత, నాటకశాల అని నేను పైన చెప్పిన మూడూ ఈ ఒక్క బాకీలో ముడిపడి ఉన్నాయి. తెలుగు ఆధునిక నాటకం ఒక వంటమనిషి సొమ్ము కాజేయడంతో మొదలవుతుందంటే అతిశయోక్తి కాదు.

పూటకూళ్ళమ్మ వితంతువు. ఆ కాలంలో దిక్కులేని బ్రాహ్మణ వితంతువు ఎవరి చేతికిందా పడకుండా బతకడానికి ఉన్న కొద్ది దారుల్లో అన్నం అమ్ముకోవడం ఒకటి. గిరీశం వితంతు వివాహాన్ని గురించి అనర్గళంగా మాట్లాడగల సంస్కర్త. ఆ సంస్కర్త వితంతువు చేతికూడు తిని, వితంతువు పెట్టుబడిని తినేసినవాడు. గిరీశం వాక్చాతుర్యం ఎంత గొప్పదైనా, ఆ చాతుర్యానికి పోషణ ఎక్కడిదో ఈ ఇరవై రూపాయలు చెబుతాయి. అతని ఇంగ్లీషు, అతని చుట్ట, అతని లెక్చర్లు అన్నీ ఆ పొయ్యిమీదే ఉడికాయి. గురజాడ ఆమెను మాటల్లో ప్రస్తావించి వదిలిపెట్టలేదు. చీపురుకట్టతో మధురవాణి ఇంటికి రప్పించాడు. మంచం కిందికి దూరిన గిరీశాన్ని వెతికించాడు. క్రీడాభిరామంలో ఊసే లేని వంటమనిషి ఇక్కడ నడిచి రంగంమీదికి వచ్చింది. ఆ చీపురు వెనుక నాకు కొన్ని వందల ఏళ్ళ మౌనం కనిపిస్తుంది.

గురజాడకు కూడా పూర్తి మార్కులు వేయడానికి లేదు. ఆమెకు పేరు పెట్టలేదు, వృత్తే పేరయింది. దెబ్బ గిరీశానికి కాక రామప్పపంతులుకు తగులుతుంది, హాలు నవ్వుతుంది, బాకీ సంగతి ఆ నవ్వులో కలిసిపోతుంది. ఆమె కోపం న్యాయమైనదని నాటకానికి తెలుసు. దాన్ని ప్రహసనంగా వాడుకోవడం లాభమనీ తెలుసు. మధురవాణిమీద మన విమర్శకులు వ్రాసినదానిలో నూరోవంతు కూడా ఈమెమీద వ్రాసినట్టు నా చదువులో కనబడలేదు. గిరీశాన్ని దుయ్యబట్టిన అభ్యుదయ విమర్శకులు సైతం అతడు సంస్కరణను అమ్ముకున్నాడని అన్నంత గట్టిగా, వంటమనిషిని దోచుకున్నాడని అనలేదు.

ఇతరులను అనడం సులభం. నా సంగతి చెబుతాను. రెండేళ్ళ కిందట మా విద్యార్థులచేత కన్యాశుల్కం ఆడించాను. పూర్తి నాటకం ఆడితే రాత్రి గడిచిపోతుంది, కాబట్టి అందరిలాగే నేనూ కుదించాను. బొంకులదిబ్బ రంగం ఉంచాను, ఎందుకంటే గిరీశం లేకపోతే నాటకం లేదు. చీపురుకట్ట రంగం తీసేశాను, ఎందుకంటే కథకు అవసరం లేదనుకున్నాను. ఆదివారం సాయంత్రం ప్రదర్శన. హనుమకొండలో హాస్టలు పిల్లలు తినే మెస్సులకు ఆదివారం రాత్రి సెలవు. అందువల్ల మా పిల్లలు నెలకూపన్లమీద భోజనం చేసే మెస్సు అక్క కూడా వచ్చి కూర్చుంది. ఆమె భర్త లేని మనిషి. ఇద్దరు పనివాళ్ళను పెట్టుకుని రెండు పూటలా వండుతుంది. ఆట అయిపోయాక అందరూ గిరీశం వేషం వేసిన పిల్లవాణ్ణి చుట్టుముట్టి మెచ్చుకుంటున్నారు. ఆమె నా దగ్గరకు వచ్చి ఒకే మాట అడిగింది: "గా పిలగాడు ఆమె ఇరవై రూపాలు మల్ల ఇచ్చిండా సార్?"

నాకు మాట రాలేదు. ఇంటికి వెళ్ళి పుస్తకం తీసి చివరిదాకా చూశాను. ఆ డబ్బు తిరిగి ముట్టినట్టు నాకు ఎక్కడా కనబడలేదు. ఎం.ఏ. చదివినప్పటినుంచి ఆ నాటకాన్ని ఎన్నిమార్లు చదివానో చెప్పలేను. ఈ ప్రశ్న నాకు ఒక్కమారు రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచిస్తే సిగ్గుపడవలసిన జవాబు దొరికింది. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనూ ఒక మెస్సులో నెల బాకీ చెల్లించకుండానే ఊరు మారాను. మిత్రులతో ఆ సంగతి తమాషాగా చెప్పుకున్నాను కూడా. గిరీశం మాటలకు నేను అంత హాయిగా నవ్వగలిగానంటే అందులో సాహిత్యాభిరుచి పాలు ఎంతో, తోడుదొంగతనం పాలు ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తర్వాత ఒకనాడు తెల్లవారకముందే ఆమె వెంట కూరగాయల మార్కెట్టుకు వెళ్ళాను. వరంగల్ మార్కెట్టు అంటే నాకు తెలిసింది ఎనుమాముల యార్డు. సీజనులో మిర్చి బస్తాల వరసలు, ఆ ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకుని మోసే హమాలీలు, కాంటా దగ్గర దడువాయి, వేలం పాటకోసం ఎదురుచూసే రైతు, వీటిమీద మన కవులు పద్యాలు వ్రాశారు, నేనూ మెచ్చుకున్నాను. కూరగాయల మార్కెట్టు మాత్రం కవిత్వానికి చిన్నదిగా కనిపించింది కాబోలు. అక్కడ ఆమె టమాట పెట్టెను పైనుంచి కాక అడుగునుంచి చూసింది. వంకాయ ధర ఎక్కువని మానేసి దొండకాయ తీసుకుంది. "పొద్దుగాల్ల ఒక్క రూపాయి తప్పు చేస్తే రాత్రికి పెరుగులో నీళ్ళు కలపాలె సార్, గది నాతోటి కాదు" అన్నది. క్రీడాభిరామంలోని గడ్డ పెరుగు వెనుక ఎంత గణితం ఉందో నాకు అప్పుడు అర్థమైంది. ఆమె లెక్కల పుస్తకంలో చివరి పేజీలు కొన్ని ఉన్నాయి. చదువు ముగించి బాకీ పెట్టి వెళ్ళిపోయిన పిల్లల పేర్లు అవి. "నౌకరొచ్చినంక ఇస్తరేమో" అన్నది. ఆమె మాటలో వెటకారం లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. సాహిత్యం హాజరుపట్టీ కాదు, ప్రతి శ్రామికుణ్ణీ పేరుపెట్టి పిలవనక్కరలేదు అని. నిజమే. నేను అడుగుతున్నది కార్మికుల జాబితా కాదు. వండేవాణ్ణి చూపకపోతే తినేవాడు కూడా అర్థం కాడని మాత్రమే నా వాదం. నేను చీపురుకట్ట రంగం తీసేసినప్పుడు పూటకూళ్ళమ్మకే కాదు, గిరీశానికి కూడా అన్యాయం చేశాను. వాణ్ణి సరదా మనిషిగా మిగిల్చాను. బాకీ అడిగే మనిషి రంగంమీదికి వచ్చినప్పుడే అతని సరదాకు ధర ఎంతో తెలుస్తుంది. అంటే కళ దృష్ట్యా కూడా నా కుదింపు తప్పే. వర్గదృష్టి కళకు బయటినుంచి తెచ్చి తగిలించే బిళ్ళ అనేవారికి గురజాడ ఏనాడో ఇచ్చిన సమాధానం ఆ చీపురుకట్ట.

ఈనాడు నగరాల తిండిమీద ఎంతో వ్రాత వస్తున్నది. ఏ సందులో ఏ బిర్యాని, ఏ బండి దగ్గర ఏ మిర్చి బజ్జి అని చెప్పేవాళ్ళకు కొదవ లేదు. అవి చదివినప్పుడల్లా నాకు మంచన శర్మ, టిట్టిభ సెట్టి గుర్తుకు వస్తారు. రూక పోయి రూపాయి వచ్చింది, పద్యం పోయి వచనం వచ్చింది. చూపు మాత్రం గిరాకీదే. రాత్రివేళ రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసే స్త్రీ ఆ వ్రాతల్లో రొట్టెకు ఆనవాలుగా ఉంటుందిగాని మనిషిగా ఉండదు. వీధి వ్యాపారుల హక్కులకు 2014లో కేంద్రచట్టం వచ్చింది. ఆ చట్టం ఆమె బండిదాకా వచ్చిందా అని అడిగే భోజనప్రియుణ్ణి నేను ఇంకా చదవలేదు.

ప్రజానాట్యమండలి నాటకాలు రైతును రంగంమీదికి తెచ్చి తెలుగు నాటకం దారి మళ్ళించాయి. ఆ పని ముగియలేదని చెప్పడానికే ఈ వ్యాసం. గత సంవత్సరం మళ్ళీ కన్యాశుల్కం ఆడాం. ఈసారి చీపురుకట్ట రంగం చేర్చాం. పూటకూళ్ళమ్మ వేషం వేసిన అమ్మాయి నవ్వించడానికి ప్రయత్నించలేదు. బాకీ వసూలుకు వచ్చిన మనిషిలాగా వచ్చింది. హాలు నవ్వింది, కాని కొంచెం ఆలస్యంగా నవ్వింది. ప్రదర్శన బాగుందని అందరూ అన్నారు. మెస్సు అక్క మాత్రం రాలేదు. అది బుధవారం. ఆరున్నరకు తెర లేచింది. ఆ వేళకు ఆమె పొయ్యిమీద అన్నం ఉంది. ప్రేక్షకుల్లో సగంమంది ఆట ముగిశాక తినబోయేది ఆ అన్నమే.

హనుమకొండలో 2024 నవంబరులో కాళోజీ కళాక్షేత్రం తెరిచారు. మంచి హాలు వచ్చింది, సంతోషమే. నాటకం ఎవరికోసం అన్న ప్రశ్నకు మన ప్రణాళికలకన్నా ముందు ప్రదర్శన వేళ జవాబు చెబుతున్నది. ఈ పత్రిక చదివే అధ్యాపకులు, విద్యార్థులు నాటకం ఆడించేటప్పుడు రెండు చిన్న పనులు చేయాలని కోరుతున్నాను. ఆదివారం రాత్రి ఆడండి. ఆడేముందు మీ మెస్సు లెక్కల పుస్తకంలో చివరి పేజీలు ఒకసారి చూడండి. నా పాత బాకీ తీర్చడానికి నేను ఆ ఊరు వెళ్ళాను. ఆ మెస్సు ఉన్నచోట ఇప్పుడు మందుల దుకాణం ఉంది. ఆమె ఎక్కడికి వెళ్ళిందో చెప్పగలిగినవాళ్ళు అక్కడ లేరు. ఆమె పేరు చెప్పి అడుగుదామంటే, అందరిలాగే నేనూ ఆమెను "మెస్సు ఆంటీ" అనే పిలిచేవాణ్ణి.