కంచె వైపు తిప్పిన కెమెరా

కేప్‌టౌన్‌లోని కిర్‌స్టెన్‌బాష్ ఉద్యానవనంలో అడవి బాదం కంచె ఒకటి ఇప్పటికీ పచ్చగా ఉంది. దక్షిణాఫ్రికాలో మొదటి వలస స్థావరం కట్టుకున్న డచ్చివారు, అక్కడి ఖోయ్‌ఖోయ్ ప్రజలు లోపలికి రాకుండా 1660లో దాన్ని నాటించారు. 1993లో దక్షిణాఫ్రికా ఫోటోగ్రాఫర్ డేవిడ్ గోల్డ్‌బ్లాట్ ఆ కంచెను ఫోటో తీశారు. చూడటానికి ముసలి కొమ్మలు అల్లుకుపోయిన పొద, అంతే. కింద ఆయన రాసిన వాక్యం చదివాక మాత్రం అది ఇక పొదలా కనిపించదు.

1948లో అధికారానికి వచ్చిన నేషనల్ పార్టీ ఆ పాత ఆలోచననే చట్టంగా మార్చింది. 1950 నాటి జనాభా నమోదు చట్టం ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర వేసింది. అదే ఏడాది వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఏ జాతివాళ్లు ఏ వీధిలో ఉండాలో తేల్చింది. ఇలాంటి అన్యాయాన్ని ఫోటో తీయడమంటే మనకు ముందుగా తోచేవి లాఠీలు, తుపాకులు, పారిపోతున్న జనం. పీటర్ మగుబానే వంటి ఫోటోగ్రాఫర్లు జైలుకెళ్లి, దెబ్బలు తిని మరీ వాటిని తీశారు. ఆ పని లేకుంటే 1976లో సొవెటోలో విద్యార్థులపై పోలీసులు జరిపిన కాల్పుల ఘోరం మనకు ఇంత స్పష్టంగా తెలిసేది కాదు. అయితే కాల్పులు జరగని రోజుల్లోనూ ఆ చట్టం నడుస్తూనే ఉంది. వంటింట్లో, బస్సులో, చర్చి గోడలో అది నిశ్శబ్దంగా నడిచింది. గోల్డ్‌బ్లాట్ పట్టుకున్నది ఆ నడకను. ఆయనకు సంఘటన కన్నా సంఘటనకు దారితీసే పరిస్థితి ముఖ్యం.

1930లో రాండ్‌ఫాంటైన్ అనే బంగారు గనుల ఊళ్లో పుట్టారాయన. లిథువేనియా నుంచి వచ్చిన యూదు కుటుంబం. తండ్రి బట్టల దుకాణంలో ఏళ్ల తరబడి గల్లా దగ్గర నిలబడి, వచ్చిపోయే ఆఫ్రికానర్ (డచ్చి సంతతి) రైతుల మాటతీరూ మనస్తత్వమూ దగ్గరగా చూశారు. తండ్రి పోయాక దుకాణం అమ్మేసి, 1963 నుంచి పూర్తిగా ఫోటోల మీదే బతికారు.

1964లో తీసిన ఒక ఫోటో చూడండి. పశ్చిమ ట్రాన్స్‌వాల్‌లోని ఒక పొలం. రైతు కొడుకు, తెల్లపిల్లాడు, నిలబడి ఉన్నాడు. వాణ్ని సాకే నల్లజాతి అమ్మాయి నేలమీద కూర్చుంది. వాడి చేతులు చనువుగా ఆమె భుజాల మీద. ఆమె చెయ్యి వెనక్కి వెళ్లి వాడి మడమను పట్టుకుని ఉంది. వెనక ముళ్లకంచె. ఆ ఇద్దరి మధ్య ఉన్న ప్రేమ అబద్ధం కాదు. వాడు పెద్దయితే ఆమెకు యజమాని అవుతాడన్నదీ అబద్ధం కాదు. రెండింటినీ ఒకే చట్రంలో ఉంచి, ఏ ఒక్కదాన్నీ తగ్గించకుండా వదిలేయడమే ఈ ఫోటో గొప్పతనం. నినాదం చేయలేని పని ఇది.

కట్టడాల దగ్గరికి వచ్చేసరికి పద్ధతి ఇంకా నెమ్మదించింది. ట్రైపాడ్ మీద పెద్ద ఫార్మాట్ కెమెరా నిలబెట్టి, ఒక్కో ఫ్రేమూ ఆలోచించి తీసేవారు. మెత్తటి సాయంకాలపు వెలుగు కోసం కాచుకోలేదు. కళ్లు చికిలించాల్సిన ఎండలోనే తీశారు, ఆ నేల వెలుగు అదే కాబట్టి. వర్ణవివక్ష సాగినన్నాళ్లూ తన సొంత పనికి నలుపు తెలుపే వాడారు. తన కోపానికి రంగులు మరీ తియ్యగా ఉంటాయని ఆయన భావన. డచ్ రిఫార్మ్‌డ్ చర్చిలనే తీసుకోండి. 1966లో ప్రారంభమైన ఓప్-డీ-బెర్గ్ చర్చి శిఖరం ఆకాశంలోకి ధీమాగా దూసుకుపోతుంది. 1980ల్లో కట్టిన కొన్ని చర్చిలేమో కోటల్లా తమలోకి తాము ముడుచుకున్నాయి. భయం పెరిగేకొద్దీ గోడలు మందమయ్యాయని ఆయన గ్రహించారు. మనుషులు నోటితో ఒప్పుకోని నమ్మకాలను కట్టుకున్న ఇల్లు బయటపెడుతుందన్నదే 1998లో వచ్చిన ‘సౌత్ ఆఫ్రికా: ది స్ట్రక్చర్ ఆఫ్ థింగ్స్ దెన్’ పుస్తకానికి ఆధారం.

ఇక ఫోటో కింది మాటలు. ఊరు, తేదీ, ఎవరు కూల్చారు, ఏ చట్టం కింద కూల్చారు, అన్నీ ఉంటాయి. విశేషణాలు ఉండవు. ఈ ఫోటోల్లో సగం బలం ఆ వాక్యాల్లోనే ఉందని నా నమ్మకం. క్వాండెబెలె అనే, నల్లజాతివాళ్లకు విడిగా కేటాయించిన ‘హోమ్‌లాండ్’కు నెట్టేసిన నల్లజాతి కార్మికులు ప్రిటోరియాలో పనికి వెళ్లడానికి అర్ధరాత్రి దాటాక లేచి బస్సెక్కేవారు. మరీ దూరపువాళ్లకు రోజుకు ఎనిమిది గంటలు బస్సులోనే గడిచేవి. గోల్డ్‌బ్లాట్ వాళ్లతోపాటు ప్రయాణించారు. మసక చీకట్లో దుప్పట్లు కప్పుకుని తలలు వాల్చిన మనుషులు, కింద బస్సు బయల్దేరిన వేళ. చూసేవాళ్లకు లెక్క అర్థం కావడానికి ఆ అంకె చాలు.

తెల్లవాడు కాబట్టే ఆయన ట్రైపాడ్ వేసుకుని తీరిగ్గా నిలబడగలిగారన్నది మరువకూడదు. మరో ఫోటోగ్రాఫర్ ఎర్నెస్ట్ కోల్‌కు ఆ వెసులుబాటు లేదు. నల్లజాతివాడైన కోల్, నల్లవాళ్ల రాకపోకలను కట్టడి చేసే పాస్ చట్టాల బెడద కొంతైనా తప్పుతుందని అధికారుల చేత తనను ‘కలర్డ్’ (మిశ్రమజాతి)గా నమోదు చేయించుకున్నాడు. అన్నం సంచిలో కెమెరా దాచి గనిలోకి తీసుకెళ్లాడు. వైద్యపరీక్ష కోసం బట్టలు విప్పించి, చేతులెత్తించి గోడవైపు వరసగా నిలబెట్టిన కూలీలను తీశాడు. 1966లో దేశం వదిలాడు. మరుసటి ఏడాది అమెరికాలో వెలువడిన అతని ఫోటోల పుస్తకం ‘హౌస్ ఆఫ్ బాండేజ్’ను స్వదేశంలో నిషేధించారు. 1990లో న్యూయార్క్‌లో పేదరికంలోనే పోయాడు. ఒకరు ఓపికతో చూపించినదాన్ని మరొకరు ఒంటిమీద అనుభవిస్తూ చూపించారు. ఏ ఒక్కరి పుస్తకంతోనూ ఆ దేశం పూర్తిగా కనిపించదు.

మనవాళ్ల కథ కూడా ఇందులో ఉంది. 1860 నుంచి మద్రాసు ఓడల్లో నటాల్ చెరుకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లలో ఉత్తరాంధ్ర, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్లున్నారు. వాళ్ల సంతతి సహా డర్బన్ భారతీయులను గ్రూప్ ఏరియాస్ చట్టం 1960ల్లో పాత పేటల నుంచి లేపి ఛాట్స్‌వర్త్‌కు తరలించింది. జొహానెస్‌బర్గ్‌లో భారతీయుల దుకాణాలతో కళకళలాడిన ఫియెటాస్ పేటనూ అదే చట్టం కూల్చింది. బుల్‌డోజర్లు రాకముందు గోల్డ్‌బ్లాట్ అక్కడి వ్యాపారులను వాళ్ల దుకాణాల్లోనే, వాళ్ల సరుకు మధ్యే నిలబెట్టి తీశారు. ఇవాళ ఆ అరలు, ఆ గుమ్మాలు ఉన్నది ఆ నెగటివ్‌లలోనే.

ఈ చూపు తనతోనే ఆగకూడదనే 1989లో ఆయన జొహానెస్‌బర్గ్‌లో మార్కెట్ ఫోటో వర్క్‌షాప్ మొదలుపెట్టారు. ఫోటోగ్రఫీ నేర్చుకునే దారి లేని నల్లజాతి యువతకు అక్కడ కెమెరా, చీకటిగది, గురువు దొరికాయి. జనేలె ముహోలి, నోంట్సికెలెలో వెలెకో వంటి ఫోటోగ్రాఫర్లు అక్కడ నేర్చుకున్నవాళ్లే. 2018లో ఆయన పోయారు. ఎవరి వీధిని వాళ్లే తీసే తరం అప్పటికే పనిలో ఉంది.